నలుగురితోనే

"మేడమ్, కాస్త తువ్వాలు అందిస్తారా?"

బాత్రూమ్ తలుపు సందులోంచి వచ్చిందా మాట. వంటగదిలో టీ వడపోస్తున్న కోచమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బల్ల దగ్గర రొట్టెకి వెన్న రాసుకుంటున్న భర్త ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ రొట్టె వైపే తల దించుకున్నాడు.

"ఏమండీ, విన్నారా మీ కూతురి మాట?"

"విన్నాను. మర్యాదగానే అడిగిందిగా."

"మర్యాదా! కన్నతల్లిని ఇంట్లో మేడమ్ అంటే మర్యాద అవుతుందా?"

"నన్ను మాత్రం ఇంకా నాన్నా అనే అంటోంది. అంతవరకూ నాకేం ఇబ్బంది లేదు."

ఆమె విసురుగా తువ్వాలు తీసుకెళ్ళి సందులోంచి లోపలికి చాచింది. తడి చెయ్యి ఒకటి దాన్ని అందుకుంది.

"థాంక్యూ మేడమ్."

ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఒక ఒప్పందం ఉంది. కాలేజీ గేటు లోపల ఆమె అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్. పదకొండేళ్ళుగా అందరికీ కోచమ్మ. జట్టులో చేరిన రోజే కూతురికి చెప్పింది: "అక్కడ మేడమ్, ఇక్కడ అమ్మ. ఇది అటు పోకూడదు, అది ఇటు రాకూడదు." కూతురు ఒక్కనాడూ తప్పలేదు. కెప్టెన్ అయ్యాక కూడా తప్పలేదు. నిన్న మధ్యాహ్నం మూడో మ్యాచ్‌కి జట్టు జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో కూతురి పేరు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "మేడమ్, మంచినీళ్ళు ఎక్కడున్నాయి?" అంది. అప్పటి నుంచీ అదే వరస.

కూతురు కుంటుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఎడమ కాలు ఎదుటి కుర్చీ మీదికి చాపుకుంది. మోకాలికి వేసిన పట్టీ వదులైపోయి జారుతోంది. కోచమ్మ చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది, సరిచేద్దామని.

"నేను చేసుకుంటాను మేడమ్."

"చాల్లేవే! వినీవినీ నా చెవులు తుప్పు పట్టాయి. స్కాన్‌లో నీ కళ్ళతో నువ్వే చూశావు కదా, లిగమెంట్ తెగిందని?"

"సగమే తెగింది. ఇంకో సగం ఉంది."

"ఆ సగాన్నే కాపాడుకుందామంటున్నాను."

"దేనికి కాపాడుకోవాలి? వచ్చే ఏడాది నేను కాలేజీలో ఉండను. నాకున్నది ఈ ఏడాదే. దీనికి వాడకపోతే ఆ సగాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుంటానా?"

"డాక్టర్ మూడు వారాలుగా ఆపరేషన్‌కి తేదీ ఇవ్వమంటున్నాడు. నువ్వేమో ముఖం చాటేస్తున్నావు."

"తేదీ ఇస్తే ఇంక అయిపోయినట్టే కదా."

కళ్ళద్దాల దుకాణంలో ఇరవై ఏళ్ళుగా అద్దాలు అరగదీసే పని చేస్తున్న తండ్రి తన సొంత కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మరకేమీ లేదు దాని మీద.

"ఇంకోటి అడగనా మేడమ్?" అంది కూతురు. "జాబితాలో మొదటి గీత మీద నా పేరు ఉండేది. ఇప్పుడు అక్కడ ఆ కొత్తపిల్ల పేరుంది. రాసేటప్పుడు మీ చెయ్యి వణికిందా లేదా?"

"ఎవరో ఒకరు ఆడాలి కదే."

"ఆడనివ్వండి. బాగానే ఆడుతోంది. అది బంతి పట్టుకుంటే మీ మొహం వెలిగిపోతుంది. గ్యాలరీలోంచి చూస్తున్నాగా. పదేళ్ళ నుంచి ఆడుతున్నాను నేను. ఆ మొహం నా కోసం ఒక్కసారీ చూడలేదు."

అబద్ధమని కోచమ్మ ఎలా అనగలదు? కొత్తపిల్ల బంతి పట్టుకుంటే సంతోషం ఒక్కటే కలుగుతుంది. కూతురు బంతి పట్టుకుంటే ముందు భయం వేస్తుంది. పడుతుందేమో, తప్పుతుందేమో, కూతురు కాబట్టి ఆడిస్తోందని పక్కవాళ్ళు అంటారేమో. ఈ భయాలన్నీ దాటుకుని సంతోషం మొహం దాకా వచ్చేసరికి ఆట అయిపోయేది.

అదంతా విప్పి చెప్పబోయేలోగా కూతురు లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

"ఇంట్లో మీరిద్దరూ ఆడుకుంటుంటే మధ్యలో బంతి నేను," అన్నాడు భర్త, మిగిలిన రొట్టె కూతురి గదికి తీసుకెళుతూ. "కాస్త మెల్లగా విసురుకోండి."

*

ఆ ఏడాది జట్టంతా కలిపి ఎనిమిది మంది. మామూలుగా పన్నెండు మంది ఉండాలి. పోయినేడాది సీనియర్లు ఏడుగురు చదువు ముగించుకుని వెళ్ళిపోయారు. ఉన్న ఎనిమిది మందిలో కెప్టెన్ మోకాలు పోయింది. సైరన్ అని పిలిచే అమ్మాయికి వేలు విరిగింది. ఆటలో గొంతు చించుకుని అరుస్తుందని ఆ పేరు. ఇప్పుడు కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చి, ఊరికే అరిచి వెళుతోంది. మిగిలిన ఆరుగురిలో ముగ్గురు మొదటి సంవత్సరం వాళ్ళు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. మొదటిది చిత్తుగా, రెండోది కాస్త గౌరవంగా.

ఆ గౌరవం నిచ్చెన అని పిలిచే కొత్తపిల్ల వల్ల దక్కింది. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ ఆ పిల్ల. వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. చిన్నప్పటి నుంచీ బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని నాలుగేసి అంతస్తులు ఎక్కీ దిగీ మెడ నిటారుగా, అడుగు నిలకడగా తయారైంది. జట్టు ఎంపికకి రబ్బరు చెప్పులేసుకుని వచ్చింది. "ఈ బంతిని అందులో వెయ్యాలి, అంతేనా మేడమ్?" అని అడిగి, చెప్పులు పక్కన విడిచి, వేసేసింది. ఆ రోజు కోచమ్మ ఇంటికెళ్ళి భర్తకి ఆ సంగతి మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెబుతున్నప్పుడు కూతురు అదే గదిలో బూట్ల తాళ్ళు విప్పుకుంటోందన్న సంగతి ఆమెకి ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంకో కొత్తపిల్ల చీమ. నిచ్చెన భుజానికి కూడా రాదు. కానీ బంతి దాని చేతిలో ఉంటే ఎవరికీ దొరకదు, కాళ్ళ సందుల్లోంచి దూరిపోతుంది.

ఆ రోజు సాధనలో కోచమ్మ కళ్ళు మాటిమాటికీ గ్యాలరీ మూడో మెట్టు మీదికే పోతున్నాయి. కూతురు రోజూ అక్కడ కూర్చుని, పట్టీ వేసుకున్న కాలు చాపుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తుండేది. ఇవాళ ఆ మెట్టు మీద ఎవరిదో నీళ్ళ సీసా ఒకటే ఉంది.

కూతురికి నాలుగేళ్ళున్నప్పుడు పాత ఇంట్లో, పొడుగాటి వసారాలో, మేజోళ్ళు చుట్టచుట్టి బంతిగా చేసి, బకెట్లో వేయించేది. పడితే ఇద్దరూ చప్పట్లు కొట్టుకునేవారు. పడకపోయినా కొట్టుకునేవారు. ఆ రెండో రకం చప్పట్లు ఎప్పుడు ఆగిపోయాయి? ఎంత ఆలోచించినా ఆ రోజేదో ఆమెకి గుర్తుకు రాలేదు.

"మేడమ్, విజిల్!" అని సైరన్ అరిచేదాకా ఆట ఆపాలన్న ధ్యాసే లేదు.

*

మ్యాచ్ ముందు రోజు సాయంత్రం, బంతుల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కుతున్న కోచమ్మకి మొదటి అంతస్తు మలుపులో కూతురు కనపడింది. కిటికీ కింద మెట్టు మీద కూర్చుంది. వాళ్ళుండేది రెండో అంతస్తులో. ఒక్క దమ్మున ఎక్కలేక మధ్యలో ఆగినట్టుంది.

కోచమ్మ సంచి దించి పక్కన కూర్చుంది. పై ఇంట్లో ఎవరో పాత్రలు కడుగుతున్న చప్పుడు. కింద వీధిలో బండ్ల హారన్లు. కూతురు పక్కకి జరగలేదు. తల్లికి అదే గొప్ప అనిపించింది.

"అమ్మా."

మూడు రోజులైంది ఆ మాట విని. మూడు రోజులే. ఊరెళ్ళి వారం రోజులు రాకపోయినా ఇంత వెలితిగా ఉండేది కాదు.

"చెప్పవే."

"రేపు స్కోర్ షీట్‌లో నా పేరు రాయి."

"మళ్ళీ మొదలెట్టావా?"

"వినమ్మా. ఆడను. ఆడించమని అడగను. జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చుంటాను, అంతే. గ్యాలరీలో కూర్చుంటే పక్కవాళ్ళు పాప్‌కార్న్ పెడుతున్నారమ్మా, చూడ్డానికొచ్చినదానికి పెట్టినట్టు." కూతురు పట్టీ అంచు పైకి లాక్కుంది. "కాగితం మీద ఒక్క గీతే కదా. జట్టులో ఉన్నానని ఒక్కరోజు రాసుకోనీ."

"అడగవుగా?"

"అడగను."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"సరే," అంది కోచమ్మ.

అన్న మరుక్షణమే తెలిసిపోయింది, తనని పడగొట్టడానికి కూతురికి ఎక్కువ మాటలు అక్కరలేదని, ఒక్క మాట చాలని. తెలిసినా కోపం రాలేదు. ఒక చేత్తో బంతుల సంచి, ఇంకో చేత్తో కూతురి మోచెయ్యి పట్టుకుని, మిగతా మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కించింది. ఇంకో పది మెట్లుంటే బాగుండునని కూడా అనుకుంది.

*

మ్యాచ్ ఉదయం పదింటికి. వాళ్ళ కాలేజీ మైదానంలోనే, రేకుల కప్పు కింద. మూడు వందల మంది దాకా వచ్చారు. అవతలి జట్టు పన్నెండు మందితో బారులు తీరి నిలబడింది. బూట్ల నుంచి తలకట్టుల దాకా అందరివీ ఒకే రంగు. ఇటు ఆరుగురు, బెంచీ చివర జెర్సీ మీద జాకెట్ వేసుకుని కెప్టెన్. వెనకాల చెయ్యి వేలాడేసుకుని సైరన్.

మొదటి సగంలోనే కోచమ్మ ఒకటి గమనించింది. రింగ్ కింద బంతి అందుకున్న నిచ్చెన, మీదికొస్తున్న ప్రత్యర్థికి వీపు ఆనించి, కుడి భుజాన్ని ఒక్కసారి పైకి ఎగరేసింది. ప్రత్యర్థి అటు వెళ్ళింది. నిచ్చెన ఎడమ పాదం మీద ఇటు తిరిగి, తాపీగా బంతి వేసేసింది.

ఆ భుజం ఎగరేయడం కోచమ్మ నేర్పింది కాదు. ఏ పుస్తకంలోనూ లేదు. అది కూతురిది. చిన్నప్పుడు గౌను భుజం మాటిమాటికీ జారిపోతుంటే ఎగదోసుకోవడం అలవాటై, ఆ అలవాటు ఆటలోకి వచ్చి, పోనుపోను అదే ఒక ఎత్తుగడ అయ్యింది. ఇప్పుడు ఇంకొక పిల్ల ఒంట్లో, జానెడు ఎక్కువ ఎత్తున కదులుతోంది.

"ఎవరు నేర్పారే దానికది?" టైమ్ అవుట్‌లో చీమని అడిగింది.

"కెప్టెనక్కే మేడమ్. లైబ్రరీ వెనకాల. అక్క కుర్చీలో కూర్చుని చెబుతుంది, మేం చేస్తాం. రెండు వారాల నుంచీ. మీకు చెప్పొద్దంది. అయ్యో, చెప్పేశాను!"

కోచమ్మ తల తిప్పి చూసింది. బెంచీ చివర కూతురు పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు తల పైకెత్తి కూర్చుంది.

నిచ్చెన వేస్తోంది, చీమ దూరుతోంది, సీనియర్లు ముగ్గురూ ప్రాణం పెట్టి కాపలా కాస్తున్నారు. ఆఖరి పావు ఆటలో స్కోరు యాభై ఒకటి, నలభై నాలుగు. ఇంకా నాలుగున్నర నిమిషాలు. ఏడు పాయింట్లు ముందున్నారు. గ్యాలరీ మెట్లు అదిరిపోతున్నాయి.

అంతలో ఒక సీనియర్‌కి ఐదో ఫౌల్ పడింది. రూల్ ప్రకారం ఆ అమ్మాయి ఆట నుంచి బయటికి రావాలి. బెంచీ మీదున్న ఒకే ఒక్క కొత్తపిల్ల లోపలికి వెళ్ళింది. ఇంక మైదానంలో ఉన్న ఐదుగురే మొత్తం జట్టు.

అరనిమిషం కాలేదు. రింగ్ దగ్గర గాల్లోకి లేచిన నిచ్చెన కిందికి దిగుతూ ఎవరి పాదం మీదో పాదం మోపింది. చీలమండ మెలితిరిగింది. ఆ పొడుగాటి పిల్ల నేలంతా పరుచుకుని పడిపోయింది.

విజిల్ మోగింది. ఇద్దరు ఎత్తుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. "నాకేం కాలేదు మేడమ్, నన్ను పంపండి," అంటూనే బొటబొటా కన్నీళ్ళు కారుస్తోంది. చీలమండ చూస్తుండగానే ఉబ్బిపోతోంది.

"మేడమ్, మీకు నలుగురే ఉన్నారు," అన్నాడు రిఫరీ వచ్చి. చేతిలో స్కోర్ షీట్ చూసుకున్నాడు. "ఇంకో పేరు ఉంది కదా. ఆ అమ్మాయిని పంపిస్తారా?"

కోచమ్మ వెనక్కి తిరిగింది.

కూతురు లేచి నిలబడి ఉంది. జాకెట్ విప్పి బెంచీ మీద మడతపెట్టి పెట్టింది. మోకాలి పట్టీ ఎప్పుడు బిగించుకుందో, గట్టిగా బిగించుకుని ఉంది. ఆ కళ్ళలోకి చూడటం తల్లికి కష్టమైంది.

"నేను అడగనన్నాను," అంది కూతురు, ఆమె ఒక్కదానికే వినపడేంత మెల్లగా. "అడగట్లేదు. నువ్వే పిలువమ్మా."

గ్యాలరీలో ఎవరో కెప్టెన్ని చూశారు. "కెప్టెన్! కెప్టెన్!" అని ఒక మూల మొదలై మూడు వందల గొంతులూ అందుకున్నాయి.

నాలుగు నిమిషాలు. పరిగెత్తనక్కర్లేదు. రింగ్ కింద ఊరికే నిలబడినా చాలు, అవతలివాళ్ళు దాన్ని చూసి ఆగుతారు. ఇదంతా కోచమ్మలోని కోచ్ లెక్క వేసింది. కానీ ఆ లెక్క కన్నా బలంగా ఆమెని లాగింది ఇంకొకటి. చూడాలని ఉంది. ఆ పిల్ల భుజం ఎగరేసి తిరగడం ఇంకొక్కసారి, ఈసారి భయం లేకుండా, కళ్ళారా చూడాలని ఉంది. రమ్మని చెయ్యి ఊపితే చాలు.

"కూర్చో," అంది.

కూతురు కూర్చోలేదు.

"దెబ్బ తగిలిన పిల్ల. ఆడలేదు," అంది కోచమ్మ రిఫరీ వైపు తిరిగి. "మేం నలుగురితోనే ఆడతాం."

"నలుగురితోనా? రూల్ ఒప్పుకుంటుంది కానీ..."

"నలుగురితోనే."

కూతురు జాకెట్ తీసుకుంది. నిచ్చెన దగ్గరికి వెళ్ళి, వంగి, దాని చంక కింద తన భుజం పెట్టింది. "లే. ఆస్పత్రికి పోదాం," అంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలుతూ పక్క తలుపులోంచి బయటికి నడిచారు. కోచమ్మ వాళ్ళని చూడలేదు. ఆట మొదలైపోయింది. కళ్ళు తిప్పడానికి వీల్లేదు. వాళ్ళ అడుగుల చప్పుడు తలుపు దాకా వెళ్ళి ఆగిపోవడం మాత్రం వీపుతో విన్నది.

ఆ నాలుగు నిమిషాలు ఎలా గడిచాయో ఆ నలుగురికే తెలియాలి. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక నిలబడి రింగ్ చుట్టూ కోట కట్టారు. ఏడు పాయింట్లు ఐదయ్యాయి, మూడయ్యాయి, ఒకటైంది. సైరన్ గొంతు పూర్తిగా పోయి గాలి ఒక్కటే వస్తోంది. యాభై నాలుగు, యాభై మూడు. ఆఖరి క్షణాల్లో అవతలివాళ్ళు వేసిన బంతి రింగ్ అంచు చుట్టూ తిరిగి బయటికి ఒరిగింది. అందరూ చేతులు పైకెత్తి ఎగిరారు. బంతి అందరి చేతులకీ తగిలి నేల మీద పడింది. నేలకి దగ్గరగా ఉన్నది చీమ ఒక్కతే. బంతిని కడుపుకి కరుచుకుని, లేచి, దొరక్కుండా పరుగు తీసింది. బజర్ మోగింది.

ఈ ఏడాది మొదటి గెలుపు. పిల్లలు వచ్చి కోచమ్మ మీద పడ్డారు. ఆమె అందరి తలలూ నిమిరింది. చేతికందిన తలలు లెక్కపెట్టుకుంది. లెక్క సరిపోలేదు.

*

ఆస్పత్రి ఎక్స్‌రే గది బయట వరుసగా నీలం కుర్చీలు. ఒకదాంట్లో కూతురు ఒంటరిగా కూర్చుని ఉంది. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"నిచ్చెన ఏది?" అంది కోచమ్మ ఆయాసంతో.

"లోపలుంది. ఎముక విరగలేదట. బెణికింది. మూడు వారాలు ఆడకూడదన్నారు. వాళ్ళమ్మకి కబురు చేశాను, వస్తోంది."

కోచమ్మ ఒక కుర్చీ వదిలి కూర్చుంది. పక్కనే కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

"గెలిచాం."

"తెలుసు. కాలేజీ వ్యాన్ డ్రైవర్ ఎక్కడికో పోయాడు, వచ్చేదాకా వ్యాన్‌లోనే ఉన్నాం. అరుపులు వినపడ్డాయి." కూతురు కాగితాన్ని ఇంకో మడత పెట్టింది. "నిచ్చెన ఎగిరి గంతెయ్యబోయింది, కాలు బెణికిన సంగతే మర్చిపోయి. నేను... ఓడిపోయుంటే బావుండు అనుకున్నానమ్మా. నా జట్టే. నేను నేర్పిన పిల్లలే. నేను లేకుండా గెలిచారని వినగానే ముందు అదే అనుకున్నాను."

"అలా అనిపించడం..."

"తప్పు కాదని చెప్పకు. తప్పే."

చెప్పాలని కోచమ్మ, వ్యాన్ లేక ఆ ఎండలో నడిచొస్తూ దారి పొడుగునా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. నిన్ను పిలవాలని చెయ్యి సగం లేచిందని, ఆ భుజం నీదని చూడగానే గుర్తుపట్టానని. ఒక్కటీ బయటికి రాలేదు.

"లైబ్రరీ వెనకాల నేర్పావట," అంది చివరికి.

"చీమ చెప్పేసిందా?"

"బాగా నేర్పావు. నా కన్నా బాగా నేర్పావు."

కూతురు తల తిప్పి తల్లి మొహం చూసింది. చాలాసేపు చూసింది, దేనికోసమో వెతుకుతున్నట్టు. తర్వాత చేతిలోని కాగితం ఆమెకి అందించింది.

ఆపరేషన్ తేదీ. వచ్చే శనివారం, ఉదయం తొమ్మిది గంటలకి.

"డాక్టర్ గదిలోకి నేనే వెళ్ళి అడిగాను. ఆపరేషన్ చేసే ఆయన నెలకి రెండుసార్లే వస్తాడట. ఇది వద్దంటే ఆ తర్వాతది కూడా దొరుకుతుందన్నాడు. ఇదే కావాలన్నాను."

"శనివారం మనకి..."

"నాలుగో మ్యాచ్. పక్క ఊళ్ళో. బస్సు ఆరింటికి. తెలుసమ్మా, ఆ పట్టిక రాసింది నేనే కదా."

"మరి తెలిసి ఇదే ఎందుకు?"

"నువ్వు ఊళ్ళో ఉండవని."

ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుని, ఎవరినో తోపుడు బండి మీద తీసుకెళ్ళారు.

"ఇంత కోపమా నా మీద?"

"కోపం కాదు." కూతురు గోడ వైపు చూస్తూ చెప్పింది. "మత్తు దిగి కళ్ళు తెరవగానే ఎదురుగా నువ్వుంటే, నీ మొహంలో తెలిసిపోతుంది నాకు. మళ్ళీ ఆడతానా లేదా అని. డాక్టర్ ఏం చెప్పినా, నువ్వు ఎంత దాచుకున్నా సరే, నీ మొహం చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాన్న ఉంటే ఫర్వాలేదు. నాన్నకి ఆట తెలీదు. ఆయన మొహంలో ఏమీ కనపడదు. ఒక్క పూటైనా తెలియకుండా ఉంటానమ్మా."

కోచమ్మ కాగితం ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"అయితే నన్ను రావద్దంటావు?"

కూతురు పెదవి కొరుక్కుంది. అవునని తల ఊపబోయింది. సగంలో ఆపేసింది.

"అక్కా!" లోపలి నుంచి నిచ్చెన గొంతు. "అక్కా, వీళ్ళు నాకు కర్ర ఇస్తున్నారు! పొట్టిగా ఉంది, నాకు సరిపోదట, ఇంకోటి వెతుకుతున్నారు!"

కూతురికి నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

కోచమ్మ సంచిలో ఫోన్ మోగింది. కాలేజీ ఆఫీసు గుమాస్తా.

"మేడమ్, ముందు అభినందనలు! నలుగురితో గెలిచారట, ఊరంతా అదే మాట. అన్నట్టు, శనివారం బస్సులో సీట్లు ఇప్పుడే చెప్పాలట. ఎంతమంది వెళుతున్నారు?"

ఆమె లెక్క మొదలుపెట్టింది. చీమ, ముగ్గురు సీనియర్లు, ఇంకో కొత్తపిల్ల. ఐదుగురు. చెయ్యి బాగుంటే సైరన్. ఆరుగురు.

"ఆరుగురు," అంది.

"మిమ్మల్ని కలుపుకునా మేడమ్, కాకుండానా?"

నీలం కుర్చీల వరుసకి అవతల, సగం తెరిచిన తలుపులోంచి కూతురి మాటలు వినపడుతున్నాయి. కర్ర ఎలా పట్టుకోవాలో నిచ్చెనకి చెబుతోంది.

"హలో? మేడమ్?" అన్నాడు గుమాస్తా. "వినపడుతోందా?"